కడుపులో దరువు

ఆ వేసవి సీజను మొదలయ్యేనాటికి మా ఇంట్లో అన్నిటికంటే పేరున్న వాయిద్యం మా ఆయన పొట్ట.

నవ్వితే నవ్వండి, ఉన్నమాటే చెబుతున్నాను. మాది బ్యాండు ఇల్లు. మా ఆయన పెద్ద డ్రమ్ము, మా మరిది ట్రంపెట్, నేను పెద్ద తాళాలు. పెళ్లైన కొత్తలో ఒకరోజు తాళాలు కొట్టే మనిషి రాకపోతే "ఈ పూటకి కాస్త పట్టుకో" అని నా చేతిలో పెట్టారు. ఆ పూట ఇంకా అవలేదు. క్లారినెట్లవాళ్లూ, చిన్న డ్రమ్ములవాళ్లూ పొద్దున్నే వచ్చేసేవాళ్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ప్రాక్టీసు. వేసవి వచ్చిందంటే పెళ్లిళ్లు, ఊరేగింపులు, కొత్త షాపుల ప్రారంభాలు, తల గోక్కోవడానికి తీరిక ఉండదు. సీజను ఆఖర్లో స్టేడియం దాకా నడుస్తూ వాయించే బ్యాండుల పోటీ ఉంటుంది. అందులో పేరొస్తే వచ్చే ఏడంతా పిలుపులే.

ప్రాక్టీసు అయ్యాక మధ్యాహ్నం మా ఆయన ముందుగదిలో చొక్కా విప్పేసి నేల మీద వెల్లకిలా పడుకుంటారు. సెలవులకొచ్చిన మా మనవరాలు చిట్టి ఆయన సిగరెట్ల పక్కనుండే అగ్గిపెట్టె తీసి, బొడ్డుకి కాస్త పైన పొట్ట మీద పెట్టేది. అగ్గిపెట్టె కుదురుగా ఉంటేగా! ఎవరో కిందనుంచి వేలితో పొడుస్తున్నట్టు లేచి లేచి పడేది.

"అమ్మమ్మా! తాత నిద్రపోయాడు గానీ తాత డ్రమ్ము నిద్రపోలేదు!"

"నిద్రెందుకు పోతుందే?" అనేవాడు మా మరిది. ట్రంపెట్ ఊదేవాడికి మాట కూడా ఊదినట్టే ఉంటుంది, వీధి చివరిదాకా వినబడుతుంది. "మామూలు మనుషులకి దరువు గుండెలోనే ఆగిపోతుంది. మీ తాతకి కడుపులోకి కూడా దిగింది. వాయించి వాయించి వంటబట్టడమంటే ఇదే మరి!"

ఇంకో ఇంట్లో అయితే ఎవరో ఒకరు "ఏమిటయ్యా ఇది, ఒకసారి చూపించుకోరాదూ" అని ఉండేవాళ్లు. మేం బ్యాండువాళ్లం. మాకు దరువంటే దరువే, అది ఎక్కడ వినబడినా సంతోషమే. పైగా దాన్ని పనిలో పెట్టుకున్నాం. కొత్త పాట ఎత్తుకునేముందు ఎంత నడకలో వాయించాలని గొడవొస్తే, మా ఆయన పొట్ట మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని "ఇదీ నడక" అని కాలితో కొట్టి చూపించేవారు. అందరూ అందుకునేవాళ్లు. ఆ ఏడు మా బ్యాండు నడక భలేగా ఉందని ఊరంతా అన్నారు.

నవ్వనిది మా అత్తగారొక్కరే. ఆవిడ గోడవారన ప్లాస్టిక్ నవారు కుర్చీలో కూర్చునేది. చిట్టి అగ్గిపెట్టె తీయగానే మొహం అటు తిప్పుకునేది. చూపు ఆనక అనుకునేదాన్ని.

మా మామగారిది కూడా పెద్ద డ్రమ్మే. ఆయన పోవడం గురించి చెప్పమంటే మాత్రం మా అత్తగారు నిటారుగా కూర్చునేది. "మీ మామగారిది గొప్ప చావు. పోటీలో, డ్రమ్ము మెడకి ఉండగానే, స్టేడియం గేటు దాకా వాయించుకుంటూ వెళ్లి, అక్కడ ఒరిగిపోయారు. మంచాన పడలేదు, ఒకరి చేత నీళ్లు తాగలేదు. అలాంటి చావు ఎంతమందికి వస్తుంది?" కొత్తగా బ్యాండులో చేరినవాళ్లందరికీ ఈ కథ చెప్పాల్సిందే. అప్పటికి మామగారికి వయసు కూడా మళ్లలేదు. మా ఆయనా, మా మరిదీ ఈ కథ తాగి పెరిగినవాళ్లు.

ఆ సీజనులో మాకొచ్చిన మొదటి పిలుపుల్లో ఒకటి, కొత్తగా తెరుస్తున్న స్కానింగు సెంటరు ప్రారంభం. మేడ మెట్లకి రంగుకాగితాలు, గుమ్మం దగ్గర కూల్‌డ్రింకులు. మేం వరండాలో నిలబడి వాయించాం. చిట్టి కూడా నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వచ్చింది.

పాట ఆగగానే డాక్టరమ్మ బయటికొచ్చింది. మా అమ్మాయి ఈడుది, తెల్లకోటు కూడా కొత్తదే, మడతలు పోలేదు. "ఇవాళ అరవైఐదు దాటిన మగవాళ్లకి కడుపు స్కానింగు ఉచితం. సిగరెట్లు తాగేవాళ్లూ, ఎప్పుడో తాగి మానేసినవాళ్లూ తప్పకుండా రండి. నొప్పుండదు, సూదుండదు. జీవితంలో ఒక్కసారి చూసుకుంటే చాలు," అంది.

ఒక్కడు కదిలితే ఒట్టు! అప్పటిదాకా కుర్చీల కోసం తోసుకున్న పెద్దమనుషులంతా గోడకి అతుక్కుపోయారు. ఉచితమన్నా ముందుకి రాని జాతంటూ ఉంటే అది అరవై దాటిన మగజాతే. ఒకాయన ఫోను రాకుండానే ఫోనెత్తి మాట్లాడుకుంటూ మెట్లు దిగిపోయాడు.

డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. మా మరిదికి జాలేసిందో, నవ్వులాటే అనుకున్నాడో, ట్రంపెట్ చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు.

"డాక్టరమ్మా, మా అన్నయ్య పొట్ట చూడండి. అందులో దరువుంది! మీ మిషన్లో అది వినిపించారంటే, ఇక్కడే దానికి పాట కట్టి వాయిస్తాం!"

అందరూ గొల్లుమన్నారు. "ఛ, ఊరుకోరా," అని మా ఆయన వెనక్కి జరిగేలోపే క్లారినెట్లవాళ్లు ఆయన మెడలోంచి డ్రమ్ము దించేశారు. యూనిఫారం కోటు బొత్తాలు విప్పుకుంటూ, కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ ఆయన లోపలికి వెళ్లారు. వెనకాలే మేమంతా.

అతిథులు చూడటానికని గోడకి పెద్ద టీవీ బిగించారు. డాక్టరమ్మ ఆయన పొట్ట మీద ఏదో చల్లటి జిగురు పూసి, చేతిలో పట్టే చిన్న పరికరాన్ని ఆనించింది. టీవీ నిండా బూడిదరంగు మబ్బులు కదిలాయి. "ఇది లివరు... ఇది కిడ్నీ..." అంటూ ఆవిడ పిల్లలకి బొమ్మల పుస్తకం చూపించినట్టు చూపిస్తోంది. చేతిని మధ్యకి జరిపింది.

మబ్బుల మధ్య నల్లటి గుండ్రటిదొకటి వచ్చి నిలబడింది. పొంగుతోంది, తగ్గుతోంది, మళ్లీ పొంగుతోంది. ఆవిడ ఏదో మీట నొక్కగానే గదంతా చప్పుడు. హుష్షు, హుష్షు, హుష్షు.

"అదిగో! చెప్పలా?" అని మా మరిది అరిచాడు. చిన్న డ్రమ్మువాడు బల్ల మీద వేళ్లతో అందుకున్నాడు. చిట్టి చప్పట్లు కొట్టింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాకూ ఒళ్లు గర్వంతో పొంగింది.

డాక్టరమ్మ నవ్వు మాత్రం ఆగిపోయింది. చెయ్యి చాపి గోడ మీది టీవీ ఆపేసింది.

"అందరూ కాసేపు బయట ఉండండి. ఈయన తాలూకు ఎవరు?"

"భార్యనండీ," అన్నాను.

"మీరుండండి."

తలుపు మూశాక తన చిన్న తెరని నా వైపు తిప్పింది. "ఇది గుండెలోంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం అమ్మా. ఒంట్లో ఇంతకంటే పెద్దది లేదు. దీని లావు బొటనవేలంత ఉండాలి. ఇదిగో ఇక్కడిదాకా అలాగే ఉంది. ఇక్కడ చూడండి." ఆవిడ గీత గీసిన చోట అది గుప్పెడంత ఉబ్బి ఉంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ఉబ్బు గోడ లేచి పడుతోంది. "గోడ పల్చబడింది. ఇలా ఉబ్బుతూ పోతే ఒకరోజు పగులుతుంది. పగిలితే ఆసుపత్రి దాకా వెళ్లేవాళ్లే తక్కువ."

నేను వింటున్నాను, కానీ నా కళ్లు ఆ తెర మీంచి రావడం లేదు. ఎంత పెద్ద పని జరుగుతోందమ్మా ఆ చీకట్లో! ఆయన మా అత్తగారి కడుపులో పడ్డ రోజు నుంచీ ఒక్క పూట సెలవు పెట్టకుండా, ఒకరి మెప్పు అడక్కుండా, మేం తిని తొంగున్నప్పుడూ, తిట్టుకున్నప్పుడూ, ఊరేగింపుల్లో ఊగిపోతున్నప్పుడూ ఆ రక్తం అలా పారుతూనే ఉంది. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆయన ఒంటి మీద మచ్చలన్నీ నాకు తెలుసు. ఆయన్ని మాత్రం ఆ రోజే చూశాననిపించింది. భయం తర్వాతొచ్చింది.

"నాకు నొప్పేం లేదు కదండీ?" అన్నారు మా ఆయన, కళ్లు గట్టిగా మూసుకునే.

"ఉండదండీ. ఇది అరవదు. అరిచిన రోజు ఆలస్యమైపోతుంది," అంది డాక్టరమ్మ. కిటికీలోంచి వరండాలో ఉన్న డ్రమ్ముని చూసింది. "దాన్ని దేనికి ఆనించి వాయిస్తారు?"

"పొట్టకేనండీ."

ఆవిడ పరికరం పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది. తర్వాత, "ఇక దాన్ని ఎత్తకండి. బరువేదీ ఎత్తకండి. పెద్దాసుపత్రిలో రక్తనాళాల డాక్టరుకి నేను ఫోను చేస్తాను, ఈ వారమే వెళ్లండి," అంది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు రభస.

"పోటీ అవనీ, చూద్దాం," అన్నారు మా ఆయన.

"అదేమన్నా నీళ్ల పంపా, కారుతుంటే కారనీ అని బాల్చీ పెట్టుకోవడానికి?" అన్నాను.

మా మరిది అడ్డొచ్చాడు. "డాక్టర్లు అలాగే భయపెడతారు వదినా. కొత్తగా తెరిచింది కదా, ఆ మాత్రం చెప్పకపోతే ఎలా?"

"నువ్వు మాట్లాడకు! పొట్ట చూపించింది నువ్వే."

"నేను సరదాకి చూపించాను గానీ, ఆవిణ్ణి అంత లోతుగా చూడమన్నానా?"

వీళ్ల సంగతి నాకు తెలుసు. రేకు తగిలి వేలు తెగితే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. ఒంట్లో ప్రాణం మీదికొచ్చేది ఏదన్నా ఉందంటే మాత్రం మేకపోతు గాంభీర్యం. బీపీ చూపించుకోరు, షుగరు చూపించుకోరు, ఒంటేలుకి లేవడం ఎక్కువైనా చెప్పరు. చెబితే మగతనం ఎక్కడ ఊడి పడుతుందో! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే వీళ్లదే. ఇదంతా గట్టిగానే అన్నాను.

మా ఆయన అంతా విని, నెమ్మదిగా అన్నారు. "మా నాన్న డ్రమ్ముతో పోయాడు. నన్ను మంచం మీద కోయించుకుని పొమ్మంటావా?"

జబ్బుతో పోట్లాడొచ్చు. ఇంట్లో గోడకి పటం కట్టుకున్న చావుతో ఎలా పోట్లాడను?

డ్రమ్ము దాచలేను కాబట్టి దాని తోలు పట్టీ దాచాను. మర్నాడు ఆయన తాడు కట్టుకుని షెడ్డులోకొచ్చారు. అందరూ సిద్ధంగా ఉన్నారు. నేను తాళాలు పట్టుకుని ఎప్పటిలాగే ఆయన పక్కన నిలబడ్డాను. పెద్ద డ్రమ్ము కొట్టిన చోటే తాళాలు పడాలి, అది నా పని. ఆయన డ్రమ్ముని ఎత్తి పొట్టకి ఆనించుకున్నారు. కర్ర ఎత్తారు. నాకు డ్రమ్ము కనబడలేదు. దాని వెనకాల ఆ పల్చటి గోడ లేచి పడటమే కనబడింది. దెబ్బ పడింది. నా చేతులు కదల్లేదు. రెండోది పడింది. తాళాలు రెండూ నేల మీద పెట్టేసి అక్కడే కూలబడి ఏడ్చాను. అందరి ముందూ, బోరుమని.

క్లారినెట్లు ఆగిపోయాయి. మా ఆయన కర్ర దించారు. "సరే, నీ తృప్తి కోసం ఒకసారి పెద్దాసుపత్రికి వస్తాను. ఆ తర్వాత నువ్వు నోరెత్తకూడదు," అన్నారు.

పెద్దాసుపత్రి డాక్టరుకి తల నెరిసింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. స్కాను చూసి, మా ఆయన పొట్ట మీద రెండు చేతులూ ఆనించి, ఏదో వింటున్నట్టు కాసేపు ఉన్నాడు.

"సిగరెట్లు?"

"తాగుతానండీ."

"బీపీ?"

"ఎప్పుడూ చూపించుకోలేదండీ."

డాక్టరు పట్టీ చుట్టి చూశాడు. ఎక్కువే ఉంది. "మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇలా ఉందా? నాన్నగారున్నారా?"

అంతే, మా ఆయన నడుం నిటారైంది. "మా నాన్నది గొప్ప చావండీ," అని మొదలుపెట్టారు. పోటీ, ఊరేగింపు, స్టేడియం గేటు, అంతా చెప్పారు. అచ్చం మా అత్తగారి గొంతుతోనే.

"అంతకుముందు ఏదైనా జబ్బుందా?"

"ఏ జబ్బూ లేదండీ, గట్టి మనిషి. ఆ రోజు పొద్దున కాస్త నడుం లాగుతోందన్నాడు. అయినా గేటు దాకా వాయించాడు. గేటు దగ్గర కడుపు పట్టుకుని కూర్చున్నాడు, మొహం తెల్లబడింది, అంతే..."

చెబుతూ చెబుతూ ఆయన గొంతు తగ్గిపోయింది. డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆయన్ని నేను చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను," అన్నాడు. "కానీ ఇది తండ్రుల నుంచి కొడుకులకి వస్తుంటుంది. ఆయన రోజుల్లో దీన్ని ముందుగా పట్టుకునే వీలు లేదు. మీకు పట్టుబడింది. ఎక్కువమందికి పట్టుబడదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. చాలాసేపు రోడ్డు చూశారు.

"అయితే మా నాన్నకి కూడా ఇదేనంటావా?"

"ఆయన అలాగే అన్నాడుగా."

మార్కెట్టు దాటాం, రైల్వే గేటు దాటాం. "అంటే అది గొప్ప చావేం కాదన్నమాట. చూసేవాళ్లు లేక పోయాడు," అన్నారు. బస్సులో అందరూ చూస్తుండగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. దిగేముందు మాత్రం, "అమ్మకి చెప్పకు. ఆవిడకి మిగిలింది ఆ కథొక్కటే," అన్నారు.

గుమ్మంలో అడుగు పెట్టామో లేదో మా అత్తగారు అడిగింది. "ఏమన్నాడురా డాక్టరు?"

"ఏం లేదమ్మా. బీపీ మాత్రలిచ్చాడు."

"చూపు తగ్గింది గానీ నా చెవులు బాగానే ఉన్నాయి. వారం రోజుల నుంచి అన్నీ వింటున్నాను. ఇలా వచ్చి పడుకో."

"ఎందుకమ్మా?"

"పడుకోమంటే పడుకో."

చిన్నపిల్లాడిలా చొక్కా విప్పి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద పడుకున్నారు. ఆవిడ నా భుజం పట్టుకుని కిందికి దిగి, కొడుకు పొట్ట మీద తడుముకుంటూ చెయ్యి వేసింది. చిట్టి ఏదో అనబోతే నేను వద్దని సైగ చేశాను. ఆవిడ చెయ్యి కొద్దికొద్దిగా లేచి పడుతోంది.

"ఇదే," అంది.

"ఏమిటమ్మా?"

"మీ నాన్నది కూడా ఇలాగే కొట్టుకునేది, ఆఖరి రోజుల్లో. దాని మీద చెయ్యేసుకుని పడుకునేదాన్ని. నాకు హాయిగా నిద్ర పట్టేది." ఆవిడ చెయ్యి తియ్యలేదు. "చిట్టి అగ్గిపెట్టె ఆట ఆడినప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవారు, చూడలేక అటు తిరిగేదాన్ని. అది జబ్బని నాకేం తెలుసురా? ఎవరికి తెలుసు?"

మా ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నారు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"గొప్ప చావు, గొప్ప చావని అందరికీ చెప్పుకున్నాను. ఏదో ఒకటి చెప్పుకోకపోతే ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ రోజులు ఎలా గడిచేవి నాకు? ఈ ఇంటికి అలాంటి చావు ఒకటి చాల్లే. వెళ్లి బాగుచేయించుకో."

"అలాగేనమ్మా," అన్నారు.

అంతే. నేను అన్ని రోజులు అరిచి గీపెట్టినా కానిది, ఆ ఒక్క మాటతో అయిపోయింది. "లేవదియ్యి అమ్మాయ్, మోకాళ్లు పట్టేశాయి," అంది అత్తగారు.

కడుపు కోస్తారనుకున్నాం. కోయలేదు. తొడల మొదట్లో చిన్న గాట్లు పెట్టి, రక్తనాళం లోపల్నుంచే పైకి వెళ్లారట. గొడుగు మడిచి పట్టుకెళ్లి అక్కడ విప్పినట్టు, సన్నటి తీగా గుడ్డా కలిపి అల్లిన గొట్టాన్ని ఆ ఉబ్బులో విప్పి నిలబెట్టారట. ఇక రక్తం ఆ గొట్టంలోంచి పారుతుంది, పల్చటి గోడ మీద ఒత్తిడి పడదు. ఇదంతా గుండె కొట్టుకుంటూ ఉండగానే, రక్తం పారుతూ ఉండగానే! ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఆ బొమ్మ తెచ్చి చూపిస్తే నేను మళ్లీ నోరెళ్లబెట్టాను. మనిషిని చేసినవాడి తెలివి ఒక ఎత్తయితే, లోపలికి దూరి అతుకేసిన వీళ్ల తెలివి ఇంకో ఎత్తు. ఆ నెరిసిన తలాయన చేతుల వంక చూశాను. మామూలు చేతులే, ఒక గోరు కింద సిరా మరక కూడా ఉంది.

"మరో ఏడాది ఆగి ఉంటే?" అని అడిగాను.

"అడక్కండమ్మా," అన్నాడు. "ఈయన తమ్ముడున్నాడన్నారుగా. ఆయన్నీ ఒకసారి చూపించండి."

ఆ తమ్ముడేమో దొరికితేగా! పోటీకి మా ఆయన లేకుండానే బ్యాండు వెళ్లింది, డ్రమ్ముకి ఎవరో అరువు మనిషి. ఏ పేరూ రాలేదు, వచ్చే ఏడు పిలుపులు తగ్గుతాయని తెలిసిపోయింది. అది సాకుగా పెట్టుకుని మా మరిది "ఇప్పుడు నా మనసు బాలేదు వదినా", "ఇవాళ ఊపిరి సాధన", "రేపు ఎల్లుండి" అంటూ తప్పించుకు తిరిగాడు. నవ్వులాటకి అన్నని ముందుకి తోసిన మనిషి, తన పొట్ట మాటొచ్చేసరికి పిల్లిలా అయిపోయాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆయన వాడి సాకులు కొన్నాళ్లు విన్నారు. ఒకరోజు పొద్దున లేచి తిన్నగా షెడ్డులోకి వెళ్లి, డ్రమ్ము మీద రెండు చేతులూ వేశారు.

"అన్నయ్యా! ఏం చేస్తున్నావ్! నువ్వు బరువెత్తకూడదు!" అని వాడు కంగారుగా అరిచాడు.

"నువ్వు స్కానింగుకి బయల్దేరతావా, నన్ను దీన్ని ఎత్తమంటావా?"

"అన్నయ్యా, ఇది అన్యాయం..."

"ఎత్తుతున్నా."

"వస్తున్నా! వస్తున్నానయ్యా బాబూ, చెయ్యి తియ్యి!" చెప్పులు కూడా తిన్నగా తొడుక్కోకుండా బయల్దేరాడు.

అదే సెంటరు, అదే డాక్టరమ్మ. ఈసారి బ్యాండు లేదు. బల్ల మీద పడుకున్న మా మరిది నా చెయ్యి పట్టుకున్నాడు. తెర మీద మళ్లీ ఆ మబ్బులు, మళ్లీ ఆ నల్లటి గుండ్రం. డాక్టరమ్మ గీతలు గీసి కొలిచింది, మళ్లీ కొలిచింది.

"ఉబ్బు మొదలైంది," అంది. మా మరిది కళ్లు మూసుకున్నాడు. "కానీ చాలా చిన్నది. ఇప్పుడు ఆపరేషన్ ఏమీ అక్కర్లేదు. సిగరెట్లు మానెయ్యాలి, బీపీ అదుపులో పెట్టుకోవాలి, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. అలా ఉంటే దీని వల్ల మీకేమీ కాకుండా చూసుకోవచ్చు."

మా మరిది లేచి కూర్చుని ఏడ్చేశాడు. వీధి చివరిదాకా వినబడే మనిషికి ఆ రోజు గొంతే లేదు. మా ఆయన మాత్రం తెర ముందు వంగి నిలబడిపోయారు. తన స్కానింగప్పుడు కళ్లు మూసుకున్నారుగా, లోపలిది చూడటం ఆయనకదే మొదటిసారి.

"ఇది ఎప్పుడూ ఇలా పారుతూనే ఉంటుందా డాక్టరమ్మా? వీడు పడుకున్నా?"

"పడుకున్నా."

"ట్రంపెట్ ఊదుతున్నా?"

"అప్పుడూనూ."

"ఒరే," అన్నారు తమ్ముడి తల మీద చెయ్యేసి, "మనం దీన్ని చూసుకోకుండా ఇన్నాళ్లు ఏం చూశాంరా?" ఇంటికొచ్చేదాకా అదే మాట. మర్నాడు క్లారినెట్లవాళ్లలో పెద్దవాళ్లిద్దరినీ ఆయనే వెంటబెట్టుకుని వెళ్లి స్కానింగు చేయించారు. వాళ్లకేం లేదు. ఏం లేదని తెలుసుకున్నవాళ్లు నడిచే నడకే వేరు, చూడాల్సిందే.

వానలు మొదలయ్యాయి. సీజను అయిపోయింది. చిట్టి బడి తెరిచారని వెళ్లిపోయింది.

మా బ్యాండులో మగాళ్లంతా సీజనంతా జుట్టుకి రంగేసుకుంటారు, యూనిఫారానికి నల్లజుట్టే బాగుంటుందని. ఆసుపత్రి గొడవలో మా ఆయన రంగు మాటే మరిచిపోయారు. ఆ సాయంత్రం వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుంటే, తలా గడ్డమూ అంతా తెల్లగా వచ్చేసి ఉంది. నడుం కాస్త వంగింది. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. టీ చల్లారిందని నా మీద ఒకటే సణుగుడు.

"వేడిగా తాగితే నోరు కాలిందంటారు, ఆగితే చల్లారిందంటారు. మీతో పడటం బ్రహ్మతరం కాదు," అంటూ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లబోయాను.

మా అత్తగారు కుర్చీని నేల మీద బరబరా ఈడ్చుకుంటూ ఆయన దగ్గరికొచ్చింది. ఒంగి, ఆనని చూపుతో ఆ మొహంలోకి చూసింది. తెల్లజుట్టుని వేళ్లతో పక్కకి తీసింది, గడ్డం నిమిరింది.

"ఏమిటమ్మా?" అన్నారు విసుగ్గా.

ఆవిడ నా వైపు తిరిగింది. మొహమంతా ఎన్నడూ చూడలేననుకున్నది చూసిన ఆశ్చర్యం.

"అమ్మాయ్, చూశావా?" అంది. "ముసలాడయితే మీ మామగారు ఇలా ఉండేవారన్నమాట."